కారునలుపు

టెక్కలి బాలికల పాఠశాల హెడ్మాస్టరు పట్టాభిరామయ్య ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు నౌపడ జంక్షనుకు వెళ్లాలి. మెయిలు దిగిన ఇన్‌స్పెక్ట్రెస్ వేదవతమ్మగారిని ఎక్కించుకోవాలి. నడుము నొప్పి లేకుండా ఆవిడ బడి ముందు దిగాలి. అంతే.

పథకంలో నడుముకు అంత చోటు ఎందుకంటే, నిరుడు వచ్చిన అధికారి, టెక్కలి పోయే చిన్న రైలు కోసం ఆగే ఓపిక లేక, నౌపడ నుంచి ఒంటెద్దు బండిలో వచ్చాడు. మనిషి చేరాడు గాని నడుము చేరలేదు. తరగతి గదుల్లో అడుగైనా పెట్టకుండా "వచ్చే ఏడాది చూద్దాం" అని మూలుగుతూ వెళ్లిపోయాడు. ఆయన చూడవలసిన విషయం ఒక్కటే. బడిలో మూడో ఫారం దాకానే ఉంది. ఆపైన నాలుగో ఫారం, అంటే తొమ్మిదో తరగతి, తెరవడానికి అనుమతి కావాలి. అది లేకపోతే మూడో ఫారం పాసైన పిల్లలంతా ఇళ్లకు పోయి పప్పు రుబ్బుకోవలసిందే. ఆడపిల్లను మగపిల్లల హైస్కూలుకు పంపే తండ్రి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. పట్టాభిరామయ్య పుట్టాడు గాని, ఆయన కూడా ఆ తండ్రి కాడు.

ఆయన కూతురు తులసి నిరుడే మూడో ఫారం పాసైంది. ఏడాదిగా అదే తరగతిలో చదివిందే చదువుతోంది. "ఈసారీ రాకపోతే ఇక బడి మాన్పించి కుట్టుపనికి పంపుతాను. మిషను పాదమైనా ముందుకు పోతుంది," అని తల్లి సుభద్ర తేల్చి చెప్పేసింది.

అందుకని కారు. కారు నౌపడ ఉప్పు వర్తకుడు సన్యాసయ్యది. ఆయన కొడుక్కి పట్టాభిరామయ్య ఒకప్పుడు సంధులు చెప్పాడు. ఆ సంధుల మీద ఈ సంధి కుదిరింది. ముందు రోజు సాయంత్రం డ్రైవరు జోగారావు దాన్ని తెచ్చి బడి ఆవరణలో నిలిపాడు. నల్ల కారు. తెలుగులో కారు అంటేనే నలుపు కదా, కారుచీకటి, కారుమబ్బు అంటాం. ఆ లెక్కన అది రెండుసార్లు కారు. అయితే ఉప్పు మడుల గట్ల మీద తిరిగి తిరిగి ఒళ్లంతా తెల్లగా పేలిపోయి, పొద్దున్నే చూస్తే అస్సలు కారు కాదు. ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం పుడుతుంది. ఉప్పు తిన్న కారుకు తుప్పు పడుతుంది.

"తడిగుడ్డెట్టి ఓపాలి, పొడిగుడ్డెట్టి ఓపాలి తుడిసెత్తాను బాబూ. సాలు," అన్నాడు జోగారావు.

"తుడిస్తే చాలదోయ్. మెరవాలి. ఎక్కబోతూంటే ఆవిడ ముఖం ఆవిడకు తలుపులో కనపడాలి."

"ఆయమ్మ మొకం సూసుకోడానికొత్తందేటి, బడి సూడ్డానికొత్తందేటి?"

పట్టాభిరామయ్య ఇలాంటి ప్రశ్నలు పిల్లలు వేస్తే బెంచీ ఎక్కిస్తాడు. జోగారావును ఎక్కించడానికి వీల్లేక, "నువ్వెళ్లి చద్దన్నం తినిరా. ఈలోగా మేం చూసుకుంటాం," అన్నాడు. సంతవీధిలో జోగారావు మావ ఇల్లుంది. వాడు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీరు మాత్రం దానికేటీ రాయకండి బాబూ," అన్నాడు. బతుకంతా రాయడమూ, రాయించడమే పనైన మనిషితో ఆ మాట అనకుండా ఉండవలసింది.

మొదటి అడుగు సుభద్ర వేసింది. తులసి తలంటుకని నానబెట్టిన కుంకుడుకాయల పులుసు కారు నెత్తిన పోసింది. నురుగు బాగా వచ్చింది. ఉప్పు పోయింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ కూడా అక్కడితో ఆగిపోయేది.

ఆ సమయంలో తులసి పుస్తకం పట్టుకొని వచ్చింది. "నాన్నా, నాకో సందేహం."

"ముందు కారు కానీ అమ్మా. తర్వాత నీ సందేహం."

కారు ముందు కమ్మీ, దీపాల చుట్లూ మసిబారి ఉన్నాయి. ఇంట్లో దీపపు కుందులు తోమే చింతపండు, బూడిద సుభద్ర చేతిలో ఉండనే ఉన్నాయి. తోమింది. అవి కోవెల గంటల్లా తళతళలాడాయి. ఓడినవాడు ఆగి ఆలోచిస్తాడు. గెలిచినవాడికే ఆ తీరిక ఉండదు. దీపాలకు పనికొచ్చిన బూడిద తలుపులకు ఎందుకు పనికిరాదని పట్టాభిరామయ్య కొంగు బిగించినంత పని చేసి, పై పంచె నడుముకు చుట్టి, నాలుగు తలుపులూ తనే తోమాడు. ఆరాక చూస్తే నలుపు మీద బూడిదరంగు గీతలు, విభూతి రేఖల్లా. శైవుల కారు అయితే సరిపోయేది. సన్యాసయ్య వైష్ణవుడు.

"కొబ్బరినూనె పట్టిస్తే నిగనిగలాడుతుందండీ," అంది సుభద్ర. "ఎండిన జుట్టయినా, ఎండిన చెక్కయినా."

ఉద్దానం కొబ్బరినూనె. ఆ నూనె ఉన్న ఇంట మెరుపుకు కరువు లేదు. డబ్బాడు నూనె గుడ్డలతో పట్టించారు. నిజంగానే మెరిసింది. పట్టాభిరామయ్య వెనక తలుపులో తన ముఖం చూసుకున్నాడు. అందులో ఆయన ఎంత బాగున్నాడంటే, అది నమ్మదగిన అద్దం కాదని అప్పుడే గ్రహించి ఉండవలసింది.

గ్రహించేలోగా పలాస బస్సు వచ్చింది. టెక్కలి రోడ్డు అప్పట్లో పేరుకే రోడ్డు; బస్సు పోయాక గాలిలో ఉండేది, బస్సు రాకముందు నేలమీద ఉండేది. ఆ రోడ్డంతా లేచి బడి ఆవరణలోకి వచ్చి, నూనె కారుతున్న కారును ఆప్యాయంగా కావలించుకుంది. ధూళి దిగేసరికి అక్కడ నల్లది ఏదీ లేదు. ఎర్రమట్టి పుట్ట ఒకటి ఉంది, దానికి నాలుగు చక్రాలున్నాయి.

"జిడ్డు పోవాలంటే సున్నిపిండే," అంది సుభద్ర. ఈ మాటలో తప్పేమీ లేదు. నూనె రాశాక నలుగు పెట్టడం ప్రపంచంలో ఉన్న పద్ధతే. కాకపోతే మనిషికి పెట్టిన నలుగు మనిషి నిలబడి రుద్దుకుంటాడు. కారు అలాగే ఎండలో నిలబడింది. పిండి బిగిసింది. బిగిసి, బీటలు వేసింది. పెసరపిండి వాసనకు పక్కింటి బొడ్డమ్మ మచ్చల ఆవు దడి తోసుకొని వచ్చి కుడివైపు నుంచి నాకడం మొదలుపెట్టింది. ఎడమవైపు భార్యాభర్తలు కొబ్బరిపీచుతో గీకుతున్నారు. కాసేపటికి దారిన పోయేవాడికి ఏది ఆవో ఏది కారో చెప్పడం కష్టమైంది. తేడా ఒక్కటే, ఆవు తృప్తిగా ఉంది.

బడి పిల్లలు వచ్చి వరసగా నిలబడ్డారు. పట్టాభిరామయ్య కారును చూశాడు. పోయిన నలుపు తిరిగి తేవాలి. బండికి నలుపు ఎలా తెస్తారో ఆయనకు తెలీదు. కాని నల్లదాన్ని నల్లగా చేయడం ఆయనకు తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలీదు. ఆయన ఉద్యోగమే అది. బడి బోర్డు వెలిసిపోతే ఏం చేస్తారు? బొగ్గు నూరి, దొండాకు పసరులో కలిపి పూస్తారు. నలుపనేది ఎక్కడైనా నలుపేనని ఆయనకు తోచింది. కష్టంలో ఉన్నవాడికి తనకు తెలిసిన విద్య ఒక్కటే సర్వరోగనివారిణిలా కనపడుతుంది. వైద్యుడైతే కషాయం పోసేవాడు.

"అమ్మాయిలూ, దొండాకు," అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. దొండపందిరి బొడ్డమ్మది. మిడతల దండు వాలినా కాసిని ఈనెలు మిగిల్చేది. ఒకళ్లు ఆకు దూస్తే ఒకళ్లు నలిపారు, ఒకళ్లు బొగ్గు నూరారు, అందరూ పూశారు. పూసిన కొద్దీ కారుకు నలుపు తిరిగి వచ్చింది. చిక్కటి, ఒక్కలాంటి నలుపు. కారునలుపు. అయితే అందులో మెరుపు రవ్వంత లేదు. ఎండ దాని మీద పడింది గాని తిరిగి రాలేదు. చిన్నపిల్లలు ముందు అద్దానికీ, వెనక అద్దానికీ కూడా వదలకుండా పట్టించారు. పూత పూస్తే అంచు దాకా పూయాలని వాళ్లకు నేర్పింది ఆయనే.

బొడ్డమ్మ రావడమూ, జోగారావు రావడమూ ఒక్కసారే జరిగాయి.

"ఓలమ్మ, నా పందిరి గుండు కొట్టించీసినారు," అంది బొడ్డమ్మ. "పంతులుగోరూ, సదువుకున్నోలు గదా, కాయ దొంగతనం విన్నాను గానీ ఆకు దొంగతనం ఇన్నాలకి సూసినాను. రేపు నాను కూరేటొండుకోవాల, నీ సుద్దముక్కలా?"

జోగారావు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో తలుపు మీద గీశాడు. వేలు చూసుకున్నాడు. తర్వాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"జోగారావూ, రైలు వేళైంది. తీయి," అన్నాడు పట్టాభిరామయ్య.

"అద్దంలోంచి ఏటీ అవపడ్డం లేదు బాబూ. ఎటు తియ్యమంటారు?"

"కడిగెయ్."

"కడిగితే పసరు కరిగి కిందకి కారతాది. గుడ్డకంటుకుంటాది. పొద్దోతాది. మెయిలు మనకోసం ఆగదు గదా." కాస్త ఆగి మళ్లీ అన్నాడు, "రాయొద్దన్నాను."

పట్టాభిరామయ్య పరుగున వెళ్లి బడి గుమాస్తా సైకిలు అందుకున్నాడు. గేటు దాటబోతూ మాత్రం పిల్లల వైపు తిరిగి, "బోర్డులు ఎవరూ ముట్టుకోవద్దు," అని గట్టిగా చెప్పాడు. బడిలో ఉన్న ప్రతి బోర్డు మీదా రంగు సుద్దలతో తామరపువ్వు వేసి 'స్వాగతం' అని రాయించి ఉంచాడు మరి.

సైకిలు నౌపడ చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. మెయిలు వచ్చి పోయింది. పోర్టరు చెప్పాడు, "గొడుగట్టుకున్న పెద్దమ్మేనా? సానాసేపు సూసింది. ఏ కారూ రాకపోతే సిన్న రైలెక్కి టెక్కలెల్లిపోనాది."

పట్టాభిరామయ్య ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాడు. ఉప్పు వ్యాగన్లు ఎక్కించడానికి వచ్చిన సన్యాసయ్య ఆయన్ను చూసి, "పంతులుగోరా. మరి నా కారేదీ?" అన్నాడు.

"బడి దగ్గర ఉంది."

"మీరు సైకిలు మీద, కారు బడి దగ్గిరా? పదండి, నానూ వత్తాను."

జట్కా కట్టించారు. సైకిలు వెనక తగిలించారు. ఉప్పు మడుల పక్కనుంచి బండి నెమ్మదిగా సాగింది.

"కారెలాగుంది?" అన్నాడు సన్యాసయ్య.

"నల్లగా ఉంది."

"నల్ల కారు నల్లగానే ఉంటాది గదేటి."

"అంతకంటే కొంచెం ఎక్కువ."

సన్యాసయ్య ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు.

"కడిగినారా?"

"కడిగాం."

"తుడిసినారా?"

"చాలా రకాలుగా."

"మరేటి, ఏటో దాత్తన్నట్టున్నారు?"

"దాచడానికేముంది. మా బడి అలవాటు దానికి కొంచెం అబ్బింది."

సన్యాసయ్య జట్కావాడితో గుర్రాన్ని కాస్త తోలమన్నాడు. పట్టాభిరామయ్య బయటికి చూశాడు. మడుల్లో ఉప్పు కుప్పలు మిట్టమధ్యాహ్నపు ఎండకు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. వాటినెవరూ తోమలేదు. నీళ్లు వాటంతటవి ఇంకిపోతే మిగిలిన మెరుపు అది. పొద్దుటినుంచి తాను కారును పదిమంది కళ్లకూ ఆనేలా చేయాలని చూశాడు. ఆ పదిమందిలో ఒక్కరైనా కారుకు పరీక్ష పెట్టడానికి రావడం లేదు. తులసి ఏదో సందేహం అంది. ఏమిటది? ఏ పాఠంలో? ముఖానికి నూనె రాసుకున్న కారు గుర్తుంది గాని, పుస్తకం పట్టుకున్న పిల్ల ఏ పేజీలో వేలుపెట్టి నిలబడిందో గుర్తు రాలేదు. ఇప్పుడు ఇన్‌స్పెక్ట్రెస్ దుమ్ము కొట్టుకున్న కాళ్లతో, కోపంతో బడికి చేరి ఉంటుంది. హెడ్మాస్టరు లేని బడి, తీగలు మాత్రమే మిగిలిన పందిరి, తిట్లు లంకించుకున్న బొడ్డమ్మ. సాయంత్రానికి సుభద్ర కుట్టుమిషను సంగతి ఎత్తుతుంది. ఆ మిషను చప్పుడు ఆయనకు జట్కా చక్రాల్లో అప్పుడే వినిపిస్తోంది.

బడి దగ్గరికి వచ్చేసరికి చప్పుడే లేదు. ఆడపిల్లల బడిలో చప్పుడు లేదంటే సెలవైనా అయి ఉండాలి, ప్రళయమైనా అయి ఉండాలి. ఇద్దరూ గేటు దగ్గర ఆగిపోయారు.

పిల్లలందరూ కారు చుట్టూ ఉన్నారు. ముందు అద్దం మీద చిన్నవాళ్లు గుణింతాలు రాస్తున్నారు. కుడి తలుపుల మీద వడ్డీ లెక్కలు. వెనకవైపు రెండో ఫారం వాళ్లు ఆంధ్ర రాష్ట్రం గీశారు. గోదావరి నంబరు ప్లేటు మీదుగా పారి సముద్రంలో కలుస్తోంది. బానెట్టు మీద ఒక పద్యానికి గణాలు విడదీస్తున్నారు. ఎడమ తలుపు ముందు తులసి మోకాళ్ల మీద కూర్చుని పెద్ద లెక్కొకటి చేస్తోంది. ఆమె వెనక, మూసిన గొడుగు చేతికర్రలా ఆనించుకొని, దుమ్ము పట్టిన చెప్పులతో ఒక పొడుగాటి స్త్రీ నిలబడి ఉంది. జోగారావు అరుగు మీదే ఉన్నాడు. బొడ్డమ్మ దడి దగ్గర చేతులు కట్టుకొని, తన పొలంలో నాట్లు చూస్తున్నట్టు చూస్తోంది.

"హెడ్మాస్టరుగారు మీరేనా?" అంది వేదవతమ్మ. "నౌపడకు కారు వస్తుందన్నారు, రాలేదు. ఇక్కడికి వచ్చి చూస్తే దానికి తీరిక లేదు."

"అమ్మా, క్షమించాలి. లోపల బోర్డుల మీద స్వాగతం..."

"చూశాను. ప్రతి గదిలోనూ అదే స్వాగతం. పాఠం చెప్పుకోరా అని పిల్లల్ని అడిగితే, బోర్డులు ముట్టుకోవద్దన్నారని చెప్పారు. ఖాళీగా ఉన్న నల్లటిది ఇదొక్కటేనట. బాగానే ఉంది, సుద్ద చక్కగా అంటుతోంది. మా ఆఫీసు పక్క బడిలో ఇలాంటి బోర్డు లేదు."

సన్యాసయ్య దగ్గరికి వచ్చి మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టాడు. తీసి చూసుకున్నాడు. అలవాటుగా పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత పంచె చూసుకున్నాడు.

"ఇది నా కారు," అన్నాడు, తనకే కొంత అనుమానంగా ఉన్నట్టు.

"దాత మీరేనా? బడికి కారిచ్చి తాను జట్కాలో తిరిగే పెద్దమనిషిని నా ఉద్యోగంలో చూడలేదు."

"ఇయ్యలేదమ్మ. పంపినాను, అంతే."

వేదవతమ్మ తులసి వైపు తిరిగింది. "ఈ వర్గమూలం నాలుగో ఫారం పాఠం. నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. పక్క వీధి అబ్బాయి పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. మధ్యలో ఒక సందేహం వచ్చింది. నాన్నకు ఖాళీ లేక..." అని తండ్రిని చూసి ఆగిపోయింది.

పట్టాభిరామయ్య తల దించుకున్నాడు. సందేహం ఏ పేజీదో ఇప్పుడు తెలిసింది.

"చూడండి," అంది వేదవతమ్మ. "పిల్లలున్నారు. చదువుకోవాలనే కోరికా ఉంది. నాకు తెలియాల్సింది తెలిసింది. కానీ పై తరగతికి ఒక గదైనా చూపించనిదే నేను ఒప్పుకోవడానికి వీల్లేదు. మీ గది ఏది అని ఇందాక ఈ అమ్మాయిని అడిగితే, ఈ ఎడమ తలుపు చూపించింది." ఆవిడ సన్యాసయ్యను చూసింది. "మీరు కారెప్పుడు తీసుకెళ్తారు?"

"ఇప్పుడే."

"అయితే నాలుగో ఫారాన్ని కూడా తీసుకెళ్తున్నారన్నమాట."

పిల్లలు రాయడం ఆపారు. అందరి చేతుల్లోనూ సుద్దముక్కలు, అందరి చూపూ సన్యాసయ్య మీద. ఉప్పు వర్తకుడికి గిరాకీలు తెలుసు, బేరాలు తెలుసు. అడక్కుండా చూసే కళ్లతో బేరం ఎలా ఆడాలో తెలియలేదు.

"సన్నాసయ్య బాబూ," అంది దడి దగ్గర్నుంచి బొడ్డమ్మ. "ఆడపిల్లల సదువుకి నాను పందిరిచ్చీసినాను. నీ ఉప్పుకొట్టు సంతవీదిలో కాళీగా పడుంది గదా. అందులో ఎలకలే సదుంకుంతన్నాయి. అదియ్యలేవేటి?"

పందిరి ఆమె ఎప్పుడు ఇచ్చిందో పట్టాభిరామయ్యకు జ్ఞాపకం లేదు. కానీ ఆ క్షణాన దాన్ని సవరించే ధైర్యమూ, అవసరమూ ఆయనకు కలగలేదు.

సన్యాసయ్య కారును చూశాడు. గోదావరిని చూశాడు. మరకపడ్డ పంచె చూసుకున్నాడు. చాలాసేపటికి, "కొట్టు తీస్కోండి," అన్నాడు. "నా తలుపులు నాకిచ్చీయండి."

"నాలుగో ఫారానికి అనుమతి ఇవాళే రాసి పంపుతాను," అంది వేదవతమ్మ.

సుభద్ర కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగుకున్న బొగ్గు ముఖానికి అంటింది. ఆ సంగతి ఎవరూ ఆవిడకు చెప్పలేదు. పట్టాభిరామయ్య కూతురి పక్కన నేలమీద చతికిలబడి, "ఎక్కడమ్మా నీ సందేహం?" అన్నాడు. తులసి రెండో మెట్టు మీద వేలు పెట్టింది. ఆయన చూశాడు. ఆయనకూ వెంటనే అంతు పట్టలేదు. ఇద్దరూ కలిసి ఆలోచించడం మొదలుపెట్టారు.

సన్యాసయ్య సైగ చేశాడు. జోగారావు లేచి, గుడ్డ తడిపి పిండుకొని, ఎడమ తలుపు దగ్గరికి వచ్చాడు. వేదవతమ్మ గొడుగు అడ్డం పెట్టింది.

"కాస్త ఆగండి. లెక్క ఇంకా పూర్తి కాలేదు."

సన్యాసయ్య తన వ్యాపారంలో ఎండ కోసం ఆగాడు, వ్యాగన్ల కోసం ఆగాడు. శేషం కోసం ఆగడం అదే మొదటిసారి.